చోదన: ములుకోల నుండి గాయత్రి వరకు



సంధ్యావందనము చేయువారు ప్రతిదినము గాయత్రీ మంత్రమును జపించుచున్నారు. ఆ మంత్రము యొక్క చివరి పదము 'ప్రచోదయాత్'. దీనికి అర్థమేమని అడిగినచో 'ప్రేరేపించుగాక' అని అందరును వెంటనే చెప్పుదురు. ఆ అర్థము సరియైనదే. కాని ప్రేరేపించుట అనగా నేమి? బండికి కట్టిన ఎద్దును అదిలించుటయు ప్రేరేపించుటయే. కుక్కను ఉసికొల్పుటయు ప్రేరేపించుటయే. బడికి పోనని మారాము చేయు బిడ్డను తల్లి బుజ్జగించి పంపుటయు ప్రేరేపించుటయే. వీనిలో ఋషి సవితృదేవుని కోరినది ఏది? నేటి ప్రసంగమునకు ఈ ఒక్క ప్రశ్నయే విషయము. ఇది వ్యాకరణ పండితులకు మాత్రమే పనికివచ్చు ప్రశ్న కాదు. బిడ్డలను పెంచువారికి, శిష్యులకు చదువు చెప్పువారికి, నలుగురిచేత పని చేయించువారికి అందరికిని కావలసిన ప్రశ్న. ఆ సంగతి నేను చాల ఆలస్యముగా తెలిసికొన్నాను. ఎట్లు తెలిసికొన్నానో చివర మనవి చేసెదను.

నా చిన్ననాట మా గ్రామమున ఒక వృద్ధుడైన రైతు ఉండెడివాడు. పాఠశాలకు నడచిపోవు మమ్ములను దారిలో తన బండిపై ఎక్కించుకొనెడివాడు. ఆయన చేతిలో ఎప్పుడును ములుకోల ఉండెడిది. ములు అనగా ముల్లు, కోల అనగా కఱ్ఱ. వెదురుకఱ్ఱ కొనయందు ఇనుప ములుకు దిగవేసినదే ములుకోల. ఎన్నిమార్లు ఆ బండి ఎక్కినను ఆయన ఎద్దును పొడిచినట్లు నేను చూడలేదు. ఒకనాడు కారణమడిగితిని. "ముల్లు ఉన్నదని ఎద్దుకు తెలిస్తే చాలునండీ చినపంతులుగారూ. రోజూ పొడిచామంటే తోలు మొద్దుబారిపోద్ది. ఇంక ఆ ముల్లునీ లెక్కచెయ్యదు, మననీ లెక్కచెయ్యదు" అన్నాడు. అప్పటికి నాకది ఎద్దుల సంగతిగా మాత్రమే తోచినది.

ఈ ములుకోలకు సంస్కృతమున పేర్లు అనేకములు. అమరకోశము వైశ్యవర్గమున కృషి సాధనములను చెప్పుచు దీనిని ప్రాజనము, తోదనము, తోత్రము అని పేర్కొన్నది. ప్రతోదము అను పేరును కలదు. ప్రాజనము 'అజ' ధాతువునుండి వచ్చినది. దానికి తోలుట అని అర్థము. తోదనము, తోత్రము, ప్రతోదము అను మూడును 'తుద' ధాతువునుండి వచ్చినవి. ధాతుపాఠమున తుద ధాతువునకు వ్యథ కలిగించుట అని అర్థము చెప్పబడినది. కావున పొడిచి నొప్పి కలిగించి కదలించునది తోత్రము. ఈ ధాతువునుండియే 'అరుంతుదము' అను పదము పుట్టినది. అరుస్సు అనగా గాయము, మర్మస్థానము. ఎదుటివాని గాయమును ఎఱిగి అక్కడనే పొడుచు మాటకు అరుంతుదమని పేరు. చేతిలో కఱ్ఱ లేకున్నను నాలుకయందు ములుకు ఉండవచ్చునని మన పెద్దలు పదములోనే దాచి చెప్పినారు.

ప్రేరేపించుట అను భావమునకు మన భాషలలో ధాతువులు ఇంకను ఉన్నవి. 'నుద' ధాతువునకు నెట్టుట, ప్రేరేపించుట అని అర్థము. విసుగును దూరముగా నెట్టివేయునది కావున వినోదము అనుమాట దీనినుండి వచ్చినది. 'ఈర' ధాతువునకు కదలించుట, విసరుట అని అర్థములు. ప్ర అను ఉపసర్గ చేరగా ప్రేరణము అయినది. 'షూ' ధాతువునకును ప్రేరణమే అర్థము. సవిత అను దేవతానామము దీనినుండి పుట్టినదే. సర్వమును ప్రేరేపించువాడు కావున సవిత అని యాస్కుడు నిరుక్తమున వివరించినాడు. ఇక మన ప్రస్తుత పదమునకు మూలమైనది చురాదిగణములోని 'చుద' ధాతువు. దానికి సంచోదనము, అనగా చక్కగా పురికొల్పుట అని అర్థము. తుద ధాతువునకు చెప్పిన వ్యథ దీనికి చెప్పబడలేదు. ఈ తేడాను మనసున ఉంచుకొనవలెను.

ఇచ్చట పతంజలి మహాభాష్యములోని ఒక సంవాదము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. ఒక వైయాకరణుడు రథమును చూచి, ఈ రథమునకు 'ప్రవేత' ఎవరని అడిగినాడు. తోలువాడు ఎవరని ఆయన భావము. సూతుడు వినయముగా, ఆయుష్మంతుడా, 'ప్రాజిత'ను నేనే అని బదులు చెప్పినాడు. అది అపశబ్దమని వైయాకరణుడు ఆక్షేపించినాడు. అందులకు సూతుడు, తమకు సూత్రము వలన ఏ రూపము ప్రాప్తించునో తెలియును గాని, ఏ రూపము శిష్టులకు ఇష్టమో తెలియదు అన్నాడు. వైయాకరణునకు కోపము వచ్చినది. ఈ దుష్టుడైన సూతునివలన బాధపడుచున్నాము అను భావముతో 'దురుత' అను మాటను ప్రయోగించినాడు. సూతుడు దానిని కూడ సరిదిద్దినాడు. సూతశబ్దము నేత పనిని చెప్పు ధాతువునుండి వచ్చినది కాదు, ప్రేరణార్థకమైన ధాతువునుండి వచ్చినది, నిందింపదలచినచో 'దుస్సూత' అనవలెను అని బోధించినాడు! గుఱ్ఱములను తోలువాడు శబ్దశాస్త్రము చదివినవానికి పాఠము చెప్పిన కథ ఇది. నవ్వుకొనుటకు బాగున్నది. కాని ఇందులో మనకు కావలసిన రహస్యము ఒకటి ఉన్నది. ఆకాశమున ఉదయించు సవితయు, రథము ముందు కూర్చుండు సూతుడును ఒకే అర్థము గల ధాతువునుండి పుట్టినవారు. ఇద్దరును ప్రేరకులే. ఈ మాటను మరల తలచుకొందము.

ఇప్పుడు వేదమునకు పోవుదము. ఋగ్వేదము ఆఱవ మండలము భరద్వాజ వంశీయులది. అందు 53వ సూక్తము పూషదేవతను గూర్చినది. అందులో ఋక్కులు 10. పూషుడు దారులకు అధిపతి, పశువులను కాచువాడు. ఆయన చేతిలో రైతు చేతనున్నట్లే ములుకోల ఉన్నది. దానికి ఆ సూక్తము 'అష్ట్రా' అని పేరు పెట్టినది. పశువులను తిన్నని దారికి తెచ్చునది అని దానిని వర్ణించినది. ఆ చేతిలోనే 'ఆరా' అను మఱియొక సాధనము కూడ ఉన్నది. ఆరా అనగా తోలును గ్రుచ్చు మొనగల పనిముట్టు అని అమరకోశము వలన తెలియుచున్నది.

ఋషి ఈ పూషుని ఏమి కోరుచున్నాడు? పణులు అనబడు లోభులు ఉన్నారు. వారు సంపద కలిగియు ఇతరులకు పెట్టరు. ఇయ్యనొల్లనివానిని కూడ దానమునకు పురికొల్పుమని మూడవ ఋక్కున ఋషి ప్రార్థించుచున్నాడు. అచ్చటి క్రియాపదము 'చోదయ'. గాయత్రిలోని ప్రచోదయాత్ అను పదమునకు ఇది తోబుట్టువు. ఆ వెంటనే, పణి యొక్క మనస్సును కూడ మెత్తబఱచుమని వేడుచున్నాడు. అయ్యా, గమనింపుడు. వానిని కొట్టి ధనమును లాగుకొనుమని మూడవ ఋక్కు కోరలేదు. వాని మనసు మెత్తనై వాడే ఇచ్చునట్లు చేయుమని కోరినది.

అయితే సత్యమును దాచరాదు. అదే సూక్తమున తరువాతి ఋక్కులు ఆ ఆరాతో పణుల హృదయములను చీల్చుమని కూడ అడుగుచున్నవి. ఋషికి ఓర్పు తప్పినదా యని మనకు తోచును. కాని ఎనిమిదవ ఋక్కున ఆ ఆరాకు ఒక విశేషణము చేర్చబడినది. అది 'బ్రహ్మచోదనీ'. బ్రహ్మ శబ్దమునకు ఇచ్చట మంత్రము, స్తోత్రము అని అర్థము. మంత్రమును పురికొల్పు ములుకు అది. అట్టి ములుకుతో చీల్చబడిన హృదయమునుండి కాఱవలసినది రక్తము కాదు, దానబుద్ధి. పశువులకు ఒక ములుకోల, మనుష్య హృదయమునకు మఱియొక ములుకు అని ఆ ఒక్క సూక్తమే విడదీసి చూపినది.

అదే మండలమున 47వ సూక్తమున ఇంకొక ప్రార్థన కలదు. అది ఇంద్రుని గూర్చినది. ఇనుప కత్తి అంచునకు వలె నా బుద్ధికి పదును పెట్టుమని ఋషి అందు వేడినాడు. అచ్చటను క్రియ చోదయ యే, కర్మ ధీశబ్దమే. అనగా గాయత్రిలో కలిసిన రెండు పదములును ఇచ్చటను కలిసియున్నవి. చోదనమునకు పదును పెట్టుట అను అర్థచ్ఛాయ ఇచ్చట స్పష్టమగుచున్నది. కత్తిని సానపట్టువాడు కత్తిని హింసించుచున్నాడా? లేదు. కత్తియందు ఉన్న పదునునే పైకి తెచ్చుచున్నాడు. మొదటి మండలము మూడవ సూక్తమున, విశ్వామిత్రుని కుమారుడైన మధుచ్ఛందుడు సరస్వతీదేవిని 'చోదయిత్రీ' అని పిలిచినాడు. సత్యమును ప్రియమును అయిన వాక్కులను పురికొల్పు తల్లి ఆమె. ఆమె చేతిలో కఱ్ఱ ఉన్నట్లు ఆ ఋక్కు చెప్పలేదు.

ఇక విశ్వామిత్రుడు దర్శించిన గాయత్రి మూడవ మండలము 62వ సూక్తమున పదవ ఋక్కు. యజుర్వేదమునందును అది పఠింపబడుచున్నది. 14వ శతాబ్దమున విజయనగర ప్రభువుల ఆశ్రయమున వేదభాష్యము రచించిన సాయణాచార్యులు ప్రచోదయాత్ అను పదమునకు ప్రేరణార్థమునే చెప్పినారు. దేనిని ప్రేరేపింపవలెను? 'ధియః', బుద్ధులను. ఎవరి బుద్ధులను? 'నః', మా యొక్క బుద్ధులను. కాళ్లను కదలించుమని గాని, చేతులచేత పని చేయించుమని గాని ఋషి అడుగలేదు. నా ఒక్కని బుద్ధిని అనియు అడుగలేదు. ఎద్దు మెడపై తగులు ములుకునకును, బుద్ధిపై పడు వెలుగునకును ఉన్నంత దూరము ఈ పదము నడచి వచ్చినది.

తరువాతి కాలమున ఈ పదమును మీమాంసకులు స్వీకరించి శాస్త్రమునకు పునాదిగా చేసినారు. జైమిని మహర్షి మీమాంసా దర్శనము మొదటి సూత్రమున ధర్మజిజ్ఞాసను ప్రారంభించి, రెండవ సూత్రమున ధర్మమునకు లక్షణము చెప్పినాడు. ఆ లక్షణము 'చోదన' అను పదముతోనే మొదలగును. చోదన చేత తెలియబడు శ్రేయస్సే ధర్మమని దాని తాత్పర్యము. చోదన అనగా క్రియయందు ప్రవర్తింపజేయు వాక్యమని శబరస్వామి భాష్యము వ్రాసినారు. దానికి వారు ఇచ్చిన లోకదృష్టాంతము చాల ముచ్చటైనది. ఆచార్యునిచేత చోదితుడనై చేయుచున్నాను అని శిష్యుడు చెప్పుట లోకమున కనబడుచున్నది కదా అన్నారు. అనగా చోదన అను మాట వినగానే శాస్త్రకారులకు ములుకోల స్ఫురించుట లేదు, గురువుగారి మాట స్ఫురించుచున్నది. కఱ్ఱ మాటగా మారినది. ఈ పదము చరిత్రలో ఇది పెద్ద మలుపు.

మాట మనిషిని ఎట్లు కదలించును? ఈ ప్రశ్నపై మీమాంసకులు శతాబ్దములపాటు వాదించినారు. కుమారిలభట్టు అనుయాయులు విధిప్రత్యయమునందు శాబ్దీభావన అను ప్రేరణ వ్యాపారము కలదన్నారు. లోకమున 'ఆవును తెమ్ము' అని చెప్పినప్పుడు ఆ ప్రేరణ చెప్పినవాని అభిప్రాయము. వేదమునకు కర్త లేడు కావున అచ్చట ఆ వ్యాపారము శబ్దమునందే ఉన్నదని వారి మతము. ప్రభాకరులు, ఇది నాకు కర్తవ్యమను నియోగజ్ఞానమే మనిషిని నడిపించునన్నారు. మండనమిశ్రులు, ఇది నా ఇష్టమునకు సాధనమని తెలియుటయే ప్రేరణ అన్నారు. ఈ మూడు మతములలో ఏది సిద్ధాంతమో నేడు తేల్చనక్కఱలేదు. ముగ్గురును ఒక విషయమున ఏకాభిప్రాయము గలవారు. ముందు తెలియవలెను, తెలిసిన తరువాతనే మనిషి కదలును. భయపడి కదలుట ఎవరి మతమునందును చోదన కాదు.

ఇంకొక విశేషము కలదు. పాఠశాలలలో బాలురకు మొదట చెప్పు మీమాంసా గ్రంథములలో లౌగాక్షి భాస్కరుని అర్థసంగ్రహము ఒకటి. విధివాక్యము ఆజ్ఞాపించి ఊరకుండదు, దాని ప్రక్కన అర్థవాదము నిలిచి ఆ కర్మను ప్రశంసించునని అందు వివరింపబడినది. మన తైత్తిరీయ సంహిత రెండవ కాండ ప్రారంభమున వాయుదేవతాకమైన యాగమును విధించి, వాయువు దేవతలందరిలోను మిక్కిలి వేగము గలవాడు, ఆశ్రయించినవానిని శీఘ్రముగా ఐశ్వర్యమునకు చేర్చును అను భావముతో ప్రశంస చేయబడినది. ఎందుకు? వినువానికి ఆ కర్మయందు రుచి పుట్టవలెనని. దీనికి ప్రరోచన మని పేరు. అపౌరుషేయమైన వేదమే ఆజ్ఞకు ప్రక్కన ప్రశంసను నిలిపినది. ఇక అల్పులమైన మనమెంత!

భగవద్గీత 18వ అధ్యాయము 18వ శ్లోకమున 'కర్మచోదన' అను పదము వచ్చుచున్నది. జ్ఞానము, జ్ఞేయము, జ్ఞాత అను మూడును కర్మకు ప్రేరకములని భగవానుడు చెప్పినాడు. మూడును తెలిసికొనుటకు సంబంధించినవే. భయము ఆ లెక్కలో లేదు. ఈ మాట చెప్పినవాడు ఎవరు? సాక్షాత్తు సారథి. ఆయన చేతిలో తోత్రము ఉన్నది. గీతాధ్యాన శ్లోకములందు కృష్ణపరమాత్మను తోత్రమును వేత్రమును ధరించినవానిగానే మనము నమస్కరించుచున్నాము.

ఆ తోత్రము ఎవరి కొఱకు? గుఱ్ఱముల కొఱకు. ఎదురుగా అర్జునుడు గాండీవమును జారవిడిచి కూలబడినాడు. ఇరుప్రక్కల సైన్యములు నిలిచియున్నవి. సమయము మించిపోవుచున్నది. అట్టి వేళ కూడ స్వామి ఆ కఱ్ఱను రథికునివైపు త్రిప్పలేదు. 700 శ్లోకముల గీతలో ప్రశ్నించుటకు అవకాశమిచ్చినాడు, సందేహములను తీర్చినాడు. తుదకు, ఇదంతయు సమగ్రముగా విమర్శించుకొని నీకు ఎట్లు ఇష్టమో అట్లు చేయుము అను అర్థము గల మాట చెప్పినాడు. సర్వేశ్వరుడై యుండియు నిర్ణయమును అర్జునునకే విడిచినాడు. చోదన అను పదమునకు ఇంతకంటె గొప్ప వ్యాఖ్యానము నాకు కనబడలేదు.

అయితే స్వామి ఆ ప్రతోదమును మనిషిపై ఎత్తనే లేదా? ఒకమారు ఎత్తినాడు. యుద్ధమున మూడవనాడు చక్రము ధరించి భీష్మునిపైకి ఉఱికినాడు. భాగవత ప్రథమస్కంధమున భీష్ముడు చక్రధారియైన స్వామి ఆ రూపమును తలచుకొనుటను పోతనామాత్యులు తెనిగించిన పద్యము తెలుగువారికి కంఠస్థము. తొమ్మిదవనాడు మరల రథమునుండి దుమికి, ఈమారు ప్రతోదమునే చేతబట్టి భీష్మునివైపు పరుగెత్తినాడు. అర్జునుడు వెంటపడి పాదములు పట్టుకొని పదవ అడుగున ఆపినాడు. ఆ కఱ్ఱ భీష్మునకు తగులలేదు. కాని అర్జునుని మనసునకు తగిలినది. తాతగారిపై మెత్తగా యుద్ధము చేయుచున్న అర్జునుడు, తనకొఱకు స్వామి ప్రతిజ్ఞను కూడ మీఱబోవుచున్నాడని చూచి సిగ్గుపడి, యుద్ధభారమును తానే వహింతునని మాట ఇచ్చినాడు. శిష్యుని కదలించుటకు గురువు తానే ముందు కదలినాడు, శిష్యుని మాత్రము కొట్టలేదు.

ఇప్పుడు నా సంగతి మనవి చేసెదను. తెలుగునాట వైదికులలో ఎక్కువమందిమి కృష్ణయజుర్వేదము చదివినవారము, ఆపస్తంబ సూత్రము వారము. ఆపస్తంబ ధర్మసూత్రమున తప్పు చేసిన శిష్యునకు దండనములు నాలుగు చెప్పబడినవి. భయపెట్టుట, భోజనము మానిపించుట, నీటిలో స్నానము చేయించుట, కంటికి కనబడవలదని పంపివేయుట. అందు బెత్తము లేదు. గౌతమ ధర్మసూత్రము శిష్యుని కొట్టకుండ శిక్షింపవలెనని చెప్పి, వేఱు దారి లేనిచో సన్నని త్రాటితోనో వెదురు బెత్తముతోనో అని ఒప్పుకొన్నది. అంతకు మించి కొట్టిన గురువును రాజు దండింపవలెనన్నది. మనుస్మృతి రెండవ అధ్యాయము, ప్రాణులకు శ్రేయస్సును బోధించుట అహింసతోనే జరుగవలెనని, మాట మధురముగా మెత్తగా ఉండవలెనని విధించినది. ఇవన్నియు నేను చదివినవే, శిష్యులకు చెప్పినవే.

అయినను ఒక పాఠశాలలో అధ్యాపకుడనుగా ఉన్న రోజులలో నా ప్రక్కన బెత్తము ఉండెడిది. నా గురువుల ప్రక్కన ఉండెడిది కావున నా ప్రక్కనను ఉండవలెనని అనుకొంటిని. సంత చెప్పునప్పుడు నేను ఒకమారు చెప్పగా బాలురు రెండుమార్లు చెప్పవలెను. స్వరము తప్పినచో చేయి చాపవలెను. పదేండ్ల పిల్లవాడు ఒకడు ఉండెడివాడు. గొంతు మంచిది, జ్ఞాపకశక్తి మాత్రము మందము. వానికి మిగిలినవారికంటె ఎక్కువ దెబ్బలు తగిలినవి. నా శ్రద్ధ వానిపై ఎక్కువగా ఉన్నదని నేను భావించుచుంటిని. ఒక సెలవులకు ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. వాని తండ్రి వచ్చి పెట్టెను, చాపను తీసికొనిపోవుచు నాకు నమస్కరించినాడు. ఆయనకు కోపము లేదు. "తమరి తప్పు అనను స్వామీ. వాడు నిద్రలో కూడ పనస చెప్పుచున్నాడు. చెప్పుచు రెండు చేతులు వెనుకకు దాచుకొనుచున్నాడు. చూడలేక మాన్పించుచున్నాను" అన్నాడు.

ఆ మాట విన్న రాత్రి నాకు ఆ బండి తోలు రైతు జ్ఞాపకము వచ్చినాడు. ఎద్దునకు ముల్లు ఉన్నదని తెలిసిన చాలునన్న ఆయన, ధర్మసూత్రము చదువని ఆయన, ఎద్దుపట్ల పాటించిన నియమమును నేను బ్రహ్మచారిపట్ల పాటింపలేదు. ఆపస్తంబ సూత్రము నా నోటికి వచ్చినది గాని చేతికి రాలేదు. మఱునాటి ఉదయము బెత్తమును దూలము సందున పెట్టితిని. తరువాత నాకడ చదివినవారు స్వరము తప్పలేదా? తప్పినారు. పదిమార్లు మరల చెప్పింపవలసివచ్చినది. సంత ఎక్కువ కాలము పట్టినది. కాని ఎవరును చేతులు దాచుకొనలేదు. మొదటి బాలునకు నేను చేసిన అపకారము మాత్రము దీనివలన తీరదు. వాని నోట వేదము నిలువవలసినచోట భయము నిలిచినది. ఆ ఋణము నాపై ఉన్నది.

మందలింపు అసలే వలదని నా మాటకు అర్థము కాదు. వినాయకుని చేతిలో అంకుశము ఉన్నది, లలితాదేవి చేతిలోను ఉన్నది. పోరాని దారిని పోవుదానిని మరలించుటకు అంకుశము కావలెను. ఆపస్తంబుడు చెప్పిన నాలుగు దండనములును శిష్యుడు తప్పు మానువఱకే. కాని ఆపుట వేఱు, కదలించుట వేఱు. బెత్తము ఒక చెడు పనిని ఆపగలదేమో గాని, చదువుపై ప్రీతిని పుట్టింపలేదు. దానము చేయుమని ఒకనిని బెదిరించి ధనమును తేవచ్చును, దానబుద్ధిని తేలేము. నమస్కారము చేయుమని బిడ్డ తలను వంచవచ్చును, భక్తిని వంచి తేలేము.

కఠోపనిషత్తులో రథరూపకము మీకు తెలిసినదే. ఆత్మ రథికుడు, శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు కళ్లెము, ఇంద్రియములు గుఱ్ఱములు, విషయములు దారులు. అన్నియు చెప్పిన ఆ ఉపనిషత్తు, ఆ రథమున ములుకోలను మాత్రము చెప్పలేదు. ఇంతకుముందు సవితయు సూతుడును ఒకే అర్థము గల ధాతువునుండి పుట్టినవారని చెప్పుకొంటిమి. ఇప్పుడు రెండింటిని కలిపి చూడుడు. మనలోని సూతుడు బుద్ధి. ఆ బుద్ధిని ప్రేరేపింపుమని గాయత్రి సవితను వేడుచున్నది. సవిత గుఱ్ఱములను పొడువడు, సారథికి వెలుగు చూపును. దారి కనబడిన సారథి రథమును తానే నడుపుకొనును. సూర్యుడు ఉదయించి ఎవరిని చేయిపట్టి లేపుచున్నాడు? వెలుగును పఱచుచున్నాడు, లోకమంతయు తానే లేచి తన పనికి పోవుచున్నది. ప్రచోదయాత్ అను పదమునకు ఇదియే నాకు తోచిన అర్థము.

కావున తల్లిదండ్రులారా, రేపటి ఉదయము బిడ్డను చదువునకు లేపునప్పుడు ఈ పదమును ఒకమారు స్మరింపుడు. ఉపాధ్యాయులారా, పదిమందిచేత పని చేయించు పెద్దలారా, మన నోటినుండి వచ్చునది చోదనమా, తోదనమా అని పరీక్షించుకొనుడు. గాయత్రి జపించువారు 'నః' అన్నప్పుడు ఎదుటివాని బుద్ధి కూడ అందులో ఉన్నదని మఱువవలదు. ఏ వెలుగును మన కొఱకు వేడుచున్నామో, ఆ వెలుగునే మన చేతిక్రింద ఉన్నవారికి పంచవలెను. ఆ సవితృదేవుడు మన అందరి బుద్ధులను మెత్తబఱచి, పదును పెట్టి, మంచి దారియందు నడిపించుగాక.

స్వస్తి.